మా ఆవిడ హైదరాబాద్‌లో, మా జాయింట్ ట్యాక్స్ అమెరికాలో: నా అనుభవం

మా పెళ్లికి పంతులు గారు రెండు ముహూర్తాలు చూశారు. ఒకటి 2023 డిసెంబరులో, ధనుర్మాసం పెట్టకముందు. ఇంకొకటి 2024లో, మాఘమాసంలో. ఆఫీసులో డిసెంబరు సెలవులు అప్పటికే వేరేవాళ్లు పెట్టేసుకున్నారు కాబట్టి మాఘమాసమే నయమన్నాను. మా నానమ్మ వినలేదు. "మంచి ముహూర్తాన్ని కాలదన్నుకుంటారట్రా ఎవరైనా" అంది. మేనేజరుని బతిమాలి సెలవు తెచ్చుకుని, కోదాడలో పెళ్లి చేసుకుని, నాలుగు వారాల్లో మళ్లీ పెన్సిల్వేనియాలోని మెకానిక్స్‌బర్గ్‌కి ఒక్కడినే వచ్చి పడ్డాను. నానమ్మ పట్టుదల వల్ల నాకు మిగిలింది అయిదున్నర వేల డాలర్లు. ఎలా మిగిలాయో ఆమెకి రెండు మూడు సార్లు చెప్పి చూశాను. "నా మాట విన్నావు కాబట్టి" అన్నంత వరకే పట్టుకుంది, అదే అందరికీ చెబుతోంది.

మా ఆవిడ అప్పుడు హైదరాబాద్‌లో బాచుపల్లి వైపు ఒక ఫార్మా కంపెనీలో క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేసేది. నాది హెచ్-1బీ, ఉద్యోగ వీసా. తను హెచ్-4 మీద, అంటే నా భార్యగా ఇచ్చే వీసా మీద వస్తే ఇక్కడ ఉద్యోగం చేయడానికి వీల్లేదు, ఎందుకంటే నా గ్రీన్‌కార్డు పని ఇంకా ఐ-140 అనే దరఖాస్తు దాకా రాలేదు. వీసా స్టాంపింగ్ స్లాట్లు చూస్తే అవీ దొరికేలా లేవు. సరే, ఏడాది పాటు ఉద్యోగం చేసుకుని నిదానంగా వస్తానంది. నేనూ సరేనన్నాను.

జనవరి చివర్లో డబ్ల్యూ-2, అంటే ఏడాది జీతం, కోసిన పన్ను చూపే కాగితం వచ్చిందో లేదో, ట్యాక్స్ ఫైల్ చేసిపెట్టేవాళ్ల ఫోన్లు మొదలయ్యాయి. ఇక్కడ ఉద్యోగం చేసే తెలుగువాళ్లకి ఇవి తెలిసినవే. "నమస్తే సార్, ఫ్రీ డ్రాఫ్ట్ పంపిస్తాం, నచ్చితేనే ఫీజు." ఒకాయనకి నా సంగతి చెప్పాను. "మేడమ్‌కి ఎస్‌ఎస్‌ఎన్ లేదు, అమెరికాకే రాలేదు కదా సార్. ఈ ఏడాదికి సింగిల్‌గా వేసేద్దాం" అన్నాడు చాలా ధీమాగా. ఎస్‌ఎస్‌ఎన్ అంటే సోషల్ సెక్యూరిటీ నంబర్, ఇక్కడ పన్ను లెక్కలకి అదే గుర్తింపు.

అది తప్పు. నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకుంటున్నాను అప్పటిదాకా. కానీ డిసెంబరు 31న పెళ్లయి ఉంటే ఆ ఏడాదంతా పెళ్లయినట్టే లెక్క. డిసెంబరు 30 రాత్రి తాళి కట్టినా అంతే. భార్య అమెరికాలో ఉందా, హైదరాబాద్‌లో ఉందా అన్నది ఇక్కడ అడగరు. కాబట్టి సింగిల్ అన్న గడిలో టిక్కు పెట్టే హక్కు నాకు పోయింది.

ఇంక మిగిలినవి రెండు దారులు. ఒకటి, పెళ్లయినా విడిగా ఫైల్ చేయడం. అందులో భార్య ఎస్‌ఎస్‌ఎన్ రాయాల్సిన చోట ఎన్‌ఆర్‌ఏ అని రాస్తే చాలు, తన సంగతి ఇంకేమీ చెప్పనక్కర్లేదు. ఎన్‌ఆర్‌ఏ అంటే నాన్‌రెసిడెంట్ ఏలియన్. హెచ్-1బీ మీద ఏళ్ల తరబడి ఇక్కడే ఉంటున్నాను కాబట్టి ట్యాక్స్ చట్టం దృష్టిలో నేను రెసిడెంట్‌ని. వీసా ఎంత తాత్కాలికమైనా పన్ను విషయంలో మాత్రం మనం లోకల్. రెండో దారి, ఆమెని కూడా రెసిడెంట్‌గా చూడమని మేమిద్దరం కలిసి రాసిచ్చి, జాయింట్‌గా ఫైల్ చేయడం. దీన్ని 6013(జి) ఎలక్షన్ అంటారు, అంటే ఇలా చూడమని మనం ఎంచుకోవడం. హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ అని మూడోది కూడా ఉందని ఆఫీసులో ఒకరు చెప్పారు గానీ, దానికి ఇంట్లో పిల్లలో, మనం పోషించే తల్లిదండ్రులో ఉండాలి. దూరంగా ఉన్న భార్య లెక్కలోకి రాదు.

రాత్రి కూర్చుని రెండూ వేసి చూశాను. నా జీతం 98 వేల డాలర్లు అనుకోండి. 2023కి విడిగా వేస్తే స్టాండర్డ్ డిడక్షన్, అంటే పన్ను పడకుండా ఆదాయంలోంచి తీసేసే మొత్తం, 13,850. మిగిలిన 84,150 మీద పన్ను సుమారు 13,820 డాలర్లు. జాయింట్‌గా వేస్తే డిడక్షన్ 27,700. శ్లాబులు కూడా దాదాపు రెట్టింపు, 12 శాతం శ్లాబు 89,450 దాకా పోతుంది. విడిగా అయితే అది 44,725 దగ్గరే ఆగిపోయి, ఆ పైనంతా 22 శాతం. ఆమె ఆదాయం కలుపుకున్నా, ఆ తర్వాత చెప్పబోయే మినహాయింపు తీసుకున్నాక, జాయింట్ పన్ను సుమారు 8,230 దగ్గర తేలింది. పెన్సిల్వేనియా రాష్ట్ర పన్నులో మాత్రం పైసా మిగలదు. పెళ్లయినా కాకపోయినా అందరికీ 3.07 శాతమే. అది నా ఒక్కడి పేరునే వేసుకున్నాను.

అయిదున్నర వేలు ఊరికే వస్తున్నాయనుకుని ఆ రాత్రి హాయిగా పడుకున్నాను. జాయింట్ అంటే ఏమిటో మర్నాడు ఎలక్షన్ రూల్స్ మళ్లీ చదివితే అర్థమైంది. ఆమెని రెసిడెంట్‌గా చూడమని అడిగితే ఏడాది మొత్తానికీ చూస్తారు. అంటే డిసెంబరులో పెళ్లయినా, జనవరి 1 నుంచి ప్రపంచంలో ఎక్కడ ఏ ఆదాయం వచ్చినా చెప్పాలి. నా మొహం కూడా చూడని రోజుల్లో ఆమె తీసుకున్న జీతం, ఆమె బ్యాంకు వడ్డీ, అన్నీ. పెళ్లయి రెండు నెలలు కాలేదు. వీడియో కాల్లో "తిన్నావా, ఏం కూర" అని మాట్లాడుకునే దశ. అలాంటి దశలో "నీ శాలరీ స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ పంపు" అని అడగాలి.

అడిగాను. ఆమె ఏమీ అనలేదు, "సరే పంపిస్తాను" అంది. కానీ ఇండియాలో ఆమె పేరున కోసిన పన్నులు చూపే ఫారం 26ఏఎస్ తీసి చూస్తే, ఆమె చెప్పని ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద వడ్డీ, టీడీఎస్ కనబడ్డాయి. ఆరు లక్షల ఎఫ్‌డీ. ఏడాదికి 41 వేల వడ్డీ. "ఇదేంటి?" అంటే ఆమెకే తెలియదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మామయ్య గారు ఏవో కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారట. ఆమె నాన్నని అడిగింది. ఆయన ఇంట్లో అత్తయ్య గారికి చెప్పారు. ఆ సాయంత్రానికల్లా కోదాడలో విషయం "అల్లుడు గారు అమ్మాయి బ్యాంకు లెక్కలు అడుగుతున్నారట" గా మారింది.

మర్నాడు పొద్దున, అక్కడ పదిన్నర దాటాక, మామయ్య గారి ఫోన్. ఇక్కడ అర్ధరాత్రి దాటింది. కుశల ప్రశ్నలయ్యాక కాసేపు ఆగి, "బాబూ, ఏమీ అనుకోకండి. ఆ ఆరు లక్షలు రెండో అమ్మాయి చదువుకని దాచినవి. నా పేరు మీద వేస్తే వడ్డీకి పన్ను ఎక్కువ పడుతుందని దీని పేరు మీద వేశాను. పెళ్లప్పుడు మనం అనుకున్నవాటిలోది కాదు అది" అన్నారు. నాకు చచ్చేంత సిగ్గేసింది. మేం కట్నం అనే మాటే ఎత్తలేదు. అయినా పెద్దాయన మనసులో ఆ లెక్కే తిరిగింది. "అయ్యో, అది కాదు మామయ్య గారూ" అని అమెరికా ట్యాక్స్, జాయింట్ రిటర్న్ అంటూ పదిహేను నిమిషాలు చెప్పాను. అంతా విని, "అంటే మా ఎఫ్‌డీ మీద అమెరికావాళ్లకి కూడా పన్ను కట్టాలా?" అన్నారు. ఆ ప్రశ్నకి నా దగ్గర మంచి సమాధానం లేదు. కట్టాలి. 41 వేల రూపాయలంటే దాదాపు 497 డాలర్లు. దాని మీద మా శ్లాబులో 12 శాతం, అరవై డాలర్లు. "ఆ అరవై నేను కడతానులెండి" అంటే నవ్వారు. అప్పటికి ఊపిరి తీసుకున్నాను.

ఆ వడ్డీ చూపించకపోతే ఎవరికి తెలుస్తుందని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. రిటర్న్ మీద సంతకం పెట్టేది, ఇందులో ఉన్నదంతా నిజమని ప్రమాణం చేసి. రేపు గ్రీన్‌కార్డుకి వెళ్లాల్సినవాడిని. అరవై డాలర్ల కోసం ఆ తలనొప్పి ఎందుకు?

తర్వాత లెక్కల పని. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి. అమెరికాది జనవరి నుంచి డిసెంబరు. కంపెనీ ఇచ్చే ఫారం 16 ఒక్కటి పెట్టుకుంటే కుదరదు. రెండు ఆర్థిక సంవత్సరాల ముక్కలు కలపాలి. కాబట్టి 2023 జనవరి నుంచి డిసెంబరు దాకా పన్నెండు శాలరీ స్లిప్పులూ తెప్పించుకుని కలిపాను. 7 లక్షల 20 వేలు తేలింది. డాలర్లలోకి మార్చడానికి అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్ ఏటా సగటు మారకపు రేటు ఒకటి ఇస్తుంది. 2023కి రూపాయిది 82.57 చిల్లర. దానితో భాగిస్తే 8,720 డాలర్లు.

ఈ 8,720 మీద పన్ను తప్పించుకునే చట్టబద్ధమైన దారులు రెండు. ఇండియాలో కట్టిన పన్నుని ఇక్కడ క్రెడిట్‌గా తీసుకోవడం ఒకటి. కానీ ఆమెకి రిబేట్లు, మినహాయింపులు పోను ఇండియాలో పన్నే పడలేదు. ఎఫ్‌డీ మీద బ్యాంకు 10 శాతం టీడీఎస్ కోసింది కదా, అది క్రెడిట్ తీసుకుందామా అంటే, ఆ డబ్బు ఐటీ రిటర్న్ వేశాక రీఫండ్‌గా ఆమెకే తిరిగి వచ్చేది. వెనక్కి వచ్చే డబ్బు పన్ను కట్టినట్టు కాదు. ఇక్కడ చాలామంది పొరపడతారు, 26ఏఎస్‌లో కనబడిన టీడీఎస్ అంతా క్రెడిట్‌లో వేసేస్తారు.

రెండోది ఫారం 2555. విదేశంలో ఉండి సంపాదించిన జీతానికి మినహాయింపు. పన్నెండు నెలల్లో 330 పూర్తి రోజులు అమెరికా బయట ఉండాలి. మా ఆవిడ 365 రోజులూ ఇండియా దాటలేదు. 2023కి ఆ పరిమితి 1,20,000 డాలర్లు, మాది దాని ముందు దోమ. మొత్తం జీతం మినహాయింపులోకి పోయింది. ఒక చిన్న మెలిక ఏమిటంటే, మినహాయించిన జీతం కూడా శ్లాబు లెక్కలో కింది మెట్టు ఆక్రమిస్తుంది. నా జీతం ఆ పై మెట్టు నుంచి మొదలవుతుంది. అందుకే పన్ను 8,230 అయింది, లేకపోతే ఇంకో నూట డెబ్బై దాకా తగ్గేది. వడ్డీ మాత్రం జీతం కాదు కాబట్టి ఈ ఫారం దాన్ని కాపాడదు.

మ్యూచువల్ ఫండ్ గురించి కూడా చెప్పాలి. మా ఆవిడ నెలకి రెండు వేలు సిప్ కట్టేది. ఇండియాలో అది చాలా మంచి అలవాటు. అమెరికా పన్ను చట్టం దృష్టిలో మాత్రం మన మ్యూచువల్ ఫండ్లు పీఎఫ్‌ఐసీ, అంటే ఒక రకం విదేశీ పెట్టుబడి కంపెనీ, అనే జాతి. వాటికి ఫారం 8621 అని ఒకటి ఉంది, చూస్తేనే జ్వరం వస్తుంది. అమ్మితే లాభం మీద పన్ను, దాని మీద వడ్డీ, ఇదంతా ఒక పురాణం. ఏడాది చివర్లో ఇద్దరివీ కలిపి విలువ 50 వేల డాలర్లలోపు ఉండి, ఏమీ అమ్మకపోతే ఆ ఫారం అక్కర్లేదు. మావి రెండు వేల డాలర్లు కూడా లేవు. "దాన్ని ముట్టుకోకు, అమ్మకు, ఊరికే ఉండనీ" అన్నాను. అదే నెలలో బంగారం కొనుక్కుందామని అత్తయ్య గారు అమ్మించబోయారట. రెండోసారి కూడా నేనే అడ్డుపడ్డానని ఆ ఇంట్లో నా పేరు ఎలా మోగి ఉంటుందో ఊహించుకోవచ్చు.

విదేశీ బ్యాంకు ఖాతాలు చెప్పే ఎఫ్‌బార్ విషయంలో ఆమె కూడా వేయాలని ఒకరు, అక్కర్లేదని ఒకరు అన్నారు. రూల్ ప్రకారం, జాయింట్ కోసం రాసిచ్చిన ఎలక్షన్ ఎఫ్‌బార్‌కి వర్తించదు. ఆమె నిజంగా అమెరికాలో ఉండట్లేదు కాబట్టి ఆమె వేయనక్కర్లేదు. ఇండియాలో నా ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలు కలిపి 10 వేల డాలర్లు దాటాయి కాబట్టి నేను వేసుకున్నాను. విదేశీ ఆస్తులు చూపే ఫారం 8938 అలా కాదు. దానికి ఈ ఎలక్షన్ వర్తిస్తుంది. అయితే అమెరికాలో ఉంటూ జాయింట్‌గా వేసేవాళ్లకి ఏడాది చివర్లో లక్ష డాలర్లు, మధ్యలో ఎప్పుడైనా లక్షన్నర దాటితేనే. మాకు ఆ అదృష్టం లేదు.

ఇంకొకటి ముందే తెలుసుకోవాల్సింది: ఈ ఎలక్షన్ ఒక్క ఏడాదికి కాదు. ఒకసారి రాసిస్తే తర్వాతి ఏళ్లకీ నడుస్తూనే ఉంటుంది. వద్దని రాసిచ్చి ఆపుకోవచ్చు గానీ, ఆపాక మేమిద్దరం మళ్లీ జన్మలో దీన్ని వాడుకోలేం. భార్యకి ఇండియాలో పెద్ద జీతం, అద్దెలు, షేర్లు ఉన్నవాళ్లు తొందరపడి టిక్కు పెట్టకుండా రెండు మూడేళ్లు ముందుకి లెక్క వేసుకోవాలి. మాలాంటి లెక్కకి ఇది లాభం, అందరికీ కాదు.

ఇప్పుడు కాగితాలు. ఆమెకి ఎస్‌ఎస్‌ఎన్ రాదు కాబట్టి దాని బదులు పన్ను కోసమే ఇచ్చే ఐటిన్ అనే నంబర్ కావాలి. దానికి ఫారం డబ్ల్యూ-7. ఇది ఒంటరిగా పోదు, 1040 అనే మా పన్ను రిటర్న్‌ని వెంటబెట్టుకునే పోవాలి. ఆన్‌లైన్‌లో కుదరదు, కాగితమే, టెక్సస్‌లో ఆస్టిన్‌కి పోస్టులో. 1040లో ఆమె నంబర్ గడి ఖాళీగా వదిలేయాలి. డబ్ల్యూ-7లో పేరు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే ఉండాలి. ఆమె పాస్‌పోర్టులో ఉన్నది పుట్టింటి ఇంటిపేరు. అదే రాశాను. విదేశీ ట్యాక్స్ నంబర్ అన్న చోట పాన్ నంబర్. ఉత్తరం రావాల్సిన చిరునామా నాది, విదేశీ చిరునామా ఆమెది.

ఎలక్షన్ స్టేట్‌మెంట్‌కి ఫారం ఏమీ లేదు. తెల్లకాగితం మీద మనమే రాసుకోవాలి. ఏడాది చివరి రోజున ఒకరం రెసిడెంట్, ఒకరం నాన్‌రెసిడెంట్ అని, ఇద్దరినీ ఏడాదంతా రెసిడెంట్లుగా చూడమని కోరుతున్నామని, పేర్లు, చిరునామాలు, నంబర్లు రాసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. నేను నాలుగు వాక్యాల్లో రాశాను. చదివితే మళ్లీ పెళ్లి ప్రమాణంలా ఉంది.

మా ఆవిడ సంతకం తెలుగులో పెడుతుంది. స్కూలు రోజుల నుంచీ అంతే, పాస్‌పోర్టులో కూడా అదే. ఇంగ్లీషు ఫారం మీద తెలుగు సంతకం చెల్లుతుందా అని నాకు ఒక భయం. "నా సంతకం ఇదే, వాళ్లకోసం వేరేది నేర్చుకోవాలా?" అంది. పాస్‌పోర్టుతో సరిపోతే చాలనుకుని వదిలేశాను. ఆమె సంతకాల కోసం కాగితాలన్నీ ఇండియా వెళుతున్న మా పాత రూమ్మేట్ చేతికి ఇచ్చి పంపాను. మూడు వారాల తర్వాత అతను తిరిగొచ్చేటప్పుడు ఆ కవరుని మా అమ్మ పంపిన గోంగూర పచ్చడి డబ్బాతో పాటు ఒకే సంచిలో పెట్టుకొచ్చాడు. సంచి తెరిచేటప్పుడు నా గుండె ఎలా కొట్టుకుందో చెప్పలేను. కవరు మూలకి నూనె మరక, లోపల కాగితాలు క్షేమం. పచ్చడి కూడా క్షేమం.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి. పాస్‌పోర్టు అసలుది గానీ, దాన్ని ఇచ్చిన పాస్‌పోర్టు ఆఫీసే ధ్రువీకరించిన కాపీ గానీ పంపాలని డబ్ల్యూ-7 సూచనల్లో స్పష్టంగా ఉంది. నోటరీ కాపీ చెల్లదని కూడా ఉంది. నేను చదివాను. చదివి కూడా, అసలు పాస్‌పోర్టు సముద్రాలు దాటించడానికి మనసొప్పక, ఆమె చేత కూకట్‌పల్లిలో కలర్ జిరాక్స్ తీయించి నోటరీ స్టాంపు వేయించి పంపించమన్నాను. మన దగ్గర గ్రీన్ ఇంకు సంతకం పడితే ఏ కాగితమైనా చెల్లుతుందన్న నమ్మకం నరాల్లో ఉంటుంది. ఎర్ర సీలు, స్టాంపు, చుట్టూ గుండ్రని ముద్ర. చూడటానికి ఎంత గంభీరంగా ఉందో. 2024 ఏప్రిల్ 6న అంతా సర్టిఫైడ్ మెయిల్‌లో ఆస్టిన్‌కి పంపాను.

సీజన్‌లో పంపితే 9 నుంచి 11 వారాలు పడుతుందని వాళ్లే చెబుతారు. కాబట్టి జూన్ దాకా నిశ్చింతగా ఉన్నాను. జులై మధ్యలో ఉత్తరం వచ్చింది. పైన సీపీ566 అని ఉంది. సీపీ565 అయితే నంబర్ ఇచ్చినట్టు, 567 అయితే కొట్టేసినట్టు, 566 అంటే ఇంకా కాగితాలు కావాలని. అసలు పాస్‌పోర్టో, సరైన ధ్రువీకరణో 45 రోజుల్లో పంపమన్నారు. మా నోటరీ గారి గుండ్రటి ముద్ర ఎవరి మీదా పనిచేయలేదు.

నిజానికి మొదటి రోజే వెళ్లాల్సిన దారి ఇంకొకటి ఉంది. సర్టిఫైయింగ్ యాక్సెప్టెన్స్ ఏజెంట్ అని ఐఆర్‌ఎస్ అనుమతి ఇచ్చిన వ్యక్తులుంటారు, సీఏఏ అంటారు. ఇండియాలో కూడా ఉన్నారు, జాబితా ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్‌లో దేశాల వారీగా ఉంటుంది. వాళ్లు అసలు పాస్‌పోర్టు చూసి, మనిషితో మాట్లాడి, సర్టిఫికేట్ ఆఫ్ యాక్యురసీ అని ఒక కాగితం ఇస్తారు. పాస్‌పోర్టు అక్కడికక్కడే తిరిగి ఇచ్చేస్తారు. హైదరాబాద్‌లో ఒకరు దొరికారు. ఫీజు 12 వేల రూపాయలు. నోటరీకి పెట్టిన మూడు వందలు చూసి మురిసిపోయినందుకు శిక్ష అనుకున్నాను.

మా ఆవిడ ఆఫీసుకి సగం రోజు సెలవు పెట్టి వెళ్లింది. ఆయన పాస్‌పోర్టుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, పేరు, పుట్టిన తేదీ, భర్త పేరు అడిగారట. తర్వాత సంతకం దగ్గర ఆగి, "ఇది మీరే పెట్టారా అమ్మా? ఇక్కడ మళ్లీ ఒకసారి పెట్టండి" అన్నారట. పెట్టింది. పాస్‌పోర్టు పక్కన పెట్టి చూసి, "తెలుగులో సంతకం ఈ మధ్య చూడటమే లేదు" అని నవ్వారట. ఇంటికొచ్చి నాకు ఫోన్ చేసి చెప్పిన మొదటి సంగతి ఇదే. కాగితాలు ఏమయ్యాయో నేను అడిగితే గానీ చెప్పలేదు. ఆయన సర్టిఫికేట్, మా సీపీ566 కాపీ కలిపి ఆగస్టు మొదటి వారంలో ఆస్టిన్‌కి కొరియర్ చేశారు.

అక్టోబరులో సీపీ565 వచ్చింది. 9తో మొదలయ్యే తొమ్మిది అంకెలు. ఫొటో తీసి పంపిస్తే, "దీనితో ఏం చేయొచ్చు?" అంది. "ట్యాక్స్ కట్టొచ్చు" అన్నాను. "ఇంకేం చేయొచ్చు?" "ఇంకేమీ చేయలేం. ఉద్యోగం కూడా చేయలేం. మూడేళ్లు వరసగా వాడకపోతే అది కూడా పోతుంది." కాసేపు మాట్లాడలేదు. "దీనికోసమా ఇంత?" అంది చివరికి.

రీఫండ్ డిసెంబరు మొదటి వారంలో వచ్చింది, కాస్త వడ్డీ కలిపి. ఆ వడ్డీ మళ్లీ 2024 ఆదాయంలో చూపించాలి, అది వేరే సంగతి. అయితే వచ్చింది చెక్కు రూపంలో. జాయింట్ రీఫండ్ నా ఒక్కడి ఖాతాలో పడుతుందో లేదోనన్న అనుమానంతో రిటర్న్‌లో బ్యాంకు నంబర్ గళ్లు ఖాళీగా వదిలేసింది నేనే. చెక్కు మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. బ్యాంకుకి తీసుకెళితే ఇద్దరూ వెనకాల సంతకం పెట్టాలన్నారు. ఆమె ఇండియాలో ఉందంటే, పెట్టించుకుని రమ్మన్నారు. ప్రభుత్వం చెక్కు ఏడాది దాకా చెల్లుతుంది. అప్పటికి ఆమెకి స్టాంపింగ్ అయిపోయి ఫిబ్రవరికి టికెట్ కూడా కొన్నాం. మళ్లీ ఇంకో పచ్చడి సంచిలో పంపే ధైర్యం లేక, చెక్కుని వంటింటి డ్రాయరులో పెట్టి తాళం వేశాను.

2025 ఫిబ్రవరిలో వచ్చింది. జెట్‌లాగ్ తీరక రెండు రోజులు పడుకుంది. మూడో రోజు మంచులో, నా పాత జాకెట్ వేసుకుని, మేం మొదట వెళ్లింది ఆ బ్యాంకుకే. ఖాతాలో ఆమె పేరు చేర్పించి, చెక్కు వెనక్కి తిప్పి ఇచ్చాను. నా సంతకం కింద ఆమె నిదానంగా తన పేరు తెలుగులో రాసింది. కౌంటరులో ఉన్నావిడ చెక్కుని దగ్గరికి తీసుకుని చూసింది. పాస్‌పోర్టు అడిగింది. రెండూ పక్కపక్కన పెట్టి, అక్షరం అక్షరం వేలితో పోల్చి చూసి, "దిస్ ఈజ్ బ్యూటిఫుల్" అంది. మా ఆవిడ నా వైపు చూసింది, చెప్పానా అన్నట్టు.